చిన్న బోర్‌తో పిట్టల వేట: ఎంత దూరం, ఎన్ని పెల్లెట్లు

ఈసారి ఉత్తరాల్లో తుపాకీ ప్రశ్నలే ఎక్కువ. ముందుగా ఒక మాట. మన దేశంలో అడవి పిట్టను కొట్టడం నేరం. 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తర్వాత సరదా వేటకు ఎక్కడా చోటు లేదు. కాబట్టి కింద వేట గురించి రాసిందంతా దానికి అనుమతి ఉన్న దేశాలకే. తుపాకీ, తూటాల సంగతులు మాత్రం ఎక్కడైనా ఒకటే.

ప్ర: మా అబ్బాయి డాలస్‌లో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో గువ్వల వేటకు స్నేహితులు రమ్మంటున్నారట, 20 గేజ్ (అంటే మన 20 బోర్) కొంటానంటాడు. మా ఇంట్లో తాతల నాటి నుంచీ 12 బోరే. 20తో గువ్వ పడుతుందా? - అమలాపురం

జ: నిక్షేపంగా పడుతుంది. సన్నగొట్టం తుపాకీకి దెబ్బ తక్కువని మన వైపు చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఒక పౌను సీసాన్ని సమానమైన గుండ్లుగా పోస్తే, ఎన్ని గుండ్లు చేసినప్పుడు ఒక్కో గుండు గొట్టంలో సరిగ్గా పడుతుందో ఆ లెక్కే బోర్ నంబరు. అందుకే నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 12కు 18.5 మి.మీ., 20కి 15.6, 28కి 14. ఒక్క 410 మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది గొట్టం వ్యాసం, 0.410 అంగుళం, అంటే 10.4 మి.మీ.

వీటన్నిటిలోనూ పెల్లెట్లు, అంటే తూటాలో నింపే చిన్న సీసపు పూసలు, ఇంచుమించు ఒకే వేగంతో, సెకనుకు 1200 అడుగుల చొప్పున బయల్దేరతాయి. కాబట్టి 12లోంచి వచ్చిన ఏడున్నర నంబరు పెల్లెట్ ఎంత లోతుకు దిగుతుందో 20లోంచి వచ్చిందీ అంతే దిగుతుంది. తగ్గేది దెబ్బ కాదు, పెల్లెట్ల సంఖ్య. అమెరికా లెక్కలో ఏడున్నర నంబరు సీసం (2.4 మి.మీ.) 12 బోర్ 28 గ్రాముల తూటాలో సుమారు 350 ఉంటాయి. 20లో 25 గ్రాములకు 305, 28లో 21 గ్రాములకు 260, 410లో 14 గ్రాములకు 175. దూరం పెరిగేకొద్దీ జల్లు విచ్చుకుంటుంది, సంఖ్య తక్కువైతే మధ్యలో ఖాళీలు పడతాయి. ఆ ఖాళీలో గువ్వ ఉంటే తప్పించుకుంటుంది. అంచున ఒకటో రెండో తగిలితే గాయంతో ఎగిరిపోయి ఎక్కడో చస్తుంది. వేటగాడికి ఇంతకంటే సిగ్గుచేటు లేదు. అందుకని మా సలహా: గువ్వల మీద 20తో 35 గజాలు, 28తో 30 గజాలు, 410తో 25 గజాలు దాటొద్దు.

సన్నగొట్టానికి ఇంకో ఇబ్బంది ఉంది. పెల్లెట్లు పొడవుగా పేర్చినట్టు ఉంటాయి గనుక, పేలినప్పుడు అడుగునవి పైవాటి బరువుకు నలిగి చదునవుతాయి. నలిగినవి తిన్నగా పోకుండా పక్కకు జారిపోతాయి. కాబట్టి చిన్న బోర్‌కు యాంటిమొనీ బాగా కలిపిన గట్టి సీసం తూటాలే కొనమనండి. నాలుగు డాలర్లు మిగులుతాయని మెత్తసీసం కొంటే జల్లు చెడుతుంది. 20 బోర్ మూడంగుళాల తూటాలో ఎక్కువ సీసం కుక్కితే బాగుంటుందనుకోవడమూ పొరపాటే. నలుగుడు పెరుగుతుంది, భుజం మీద తన్నూ పెరుగుతుంది.

తన్నుకు ఒక పాత లెక్క ఉంది: తుపాకీ బరువు తూటాలోని సీసానికి 96 రెట్లు ఉండాలి. 25 గ్రాములకు 2.4 కిలోలు, 28 గ్రాములకు 2.7. తేలికని 2.3 కిలోల 20 బోర్ కొని అందులో 28 గ్రాముల తూటా వేస్తే, 3.2 కిలోల 12 కంటే గట్టిగా తంతుంది.

తుపాకీ చేతికొచ్చాక ముందు కాగితం మీద చూసుకోవాలి. నాలుగడుగుల చదరం కాగితం మధ్యలో చుక్క పెట్టి, వేటలో కొట్టే దూరంలోనే, అంటే 25 గజాల్లో నిలబెట్టాలి. ఒక్కో కాగితానికి ఒక్కటే తూటా, అదే రకం, కనీసం ఐదు కాగితాలు. తర్వాత జల్లు దట్టంగా పడ్డచోటు కేంద్రంగా 15 అంగుళాల దారం పట్టి వృత్తం గీయాలి. ఆ కేంద్రం చుక్కకు ఎంత పక్కకు పడిందో చూసుకోవాలి. పక్కకు పడుతుంటే కమ్మీలో (గొట్టం పైన గురి చూసే పట్టీలో) తేడా అన్నా ఉంటుంది, బట్టు (భుజానికి ఆన్చే వెనక భాగం) ఒంటికి కుదరకపోవడమన్నా అవుతుంది. వృత్తంలో ఐదంగుళాల గుండ్రటి ఖాళీలు కనిపిస్తే చోక్‌నో (జల్లును దగ్గరగా ఉంచే గొట్టం మూతి బిగుతును) తూటానో మార్చాలి. కొలమానం చెప్పాలంటే, 40 గజాల దగ్గర 30 అంగుళాల వృత్తంలో ఫుల్ చోక్ 70 శాతం, మాడిఫైడ్ 60, ఇంప్రూవ్డ్ సిలిండర్ 50 శాతం పెల్లెట్లు వెయ్యాలి. గువ్వలకు ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో మొదలుపెడితే చాలు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. హెచ్-1బీ వంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి, అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. స్నేహితుడి తుపాకీ కాసేపు పట్టుకున్నా లెక్కలోకే వస్తుంది. కాబట్టి ముందు లైసెన్సు, తర్వాతే తుపాకీ. లైసెన్సు గడువు తీరిన రోజున ఇంట్లో తుపాకీ ఉంటే నేరంతో పాటు వీసాకూ ముప్పు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట శిక్షణ కోర్సు చేయాలి. గువ్వలకు లైసెన్సు మీద వేరే ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) తీసుకోవాలి. తుపాకీలో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్ ఉండాలి. ఒకసారి అక్కడి వకీలును కూడా అడిగి దిగమనండి.

ప్ర: మా నాన్నగారి 12 బోర్ డబుల్ బ్యారెల్ లైసెన్సు నా పేరు మీదికి మారింది. బీరువాలో పాత తూటాల పెట్టె దొరికింది, కొన్ని సన్నగా ఉన్నాయి. అవి 20 బోర్‌వి అంటున్నారు. వాడొచ్చా? - తణుకు

జ: వాటిని 12 పక్కన కూడా ఉంచకండి. ఇంతకంటే ప్రమాదమైన జంట తుపాకీల్లో లేదు. 20 బోర్ తూటా 12 చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) ఆగదు, జారి ముందుకెళ్లి గొట్టం సన్నబడే చోట ఇరుక్కుంటుంది. చాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. వెయ్యడం మర్చిపోయామనుకుని వెనకే 12 తూటా వేసి నొక్కితే గొట్టం సరిగ్గా ఎడమచెయ్యి పట్టుకునే చోట పగులుతుంది. అందుకే ఈ రోజుల్లో 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేస్తారు. మీ పాత పెట్టెలో ఆ రంగు ఉంటుందన్న నమ్మకం లేదు. నొక్కితే టిక్కుమని ఊరుకుందంటే గొట్టం మూతి క్షేమమైన దిక్కుకే ఉంచి అర నిమిషం ఆగండి. తర్వాత తెరిచి, రెండు తూటాలూ తీసి, గొట్టాల్లోంచి వెలుతురు కనిపిస్తేనే మళ్లీ వేయండి. ఏదైనా ఇరుక్కుని ఉంటే పొడవకండి, లైసెన్సున్న తుపాకీల దుకాణానికి తీసుకెళ్లండి.

మీ లైసెన్సులో 12 మాత్రమే రాసి ఉంటే 20 తూటాలు ఇంట్లో ఉండటమే నేరం. పోలీసు స్టేషన్లో జమ చేసి రసీదు తీసుకోండి. 12 తూటాలనూ నమ్మొద్దు. మన డెల్టా చెమ్మకు కాగితం తూటాలు ఉబ్బుతాయి, చాంబర్‌లో బిగుసుకుంటాయి. తోలు బెల్టులో పెట్టినవాటి ఇత్తడికి చిలుము పడుతుంది. ఇంకోటి, పాత ఇంగ్లిష్ తుపాకీలకు చాంబర్ 65 మి.మీ. ఉండొచ్చు. కొత్త 70 మి.మీ. తూటా అందులో పడుతుంది గానీ పేలినప్పుడు తూటా మూతి విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. చాంబర్ కొలిపించాకే తూటా కొనండి.

ప్ర: చేపల చెరువుల మీద నీటికాకులు, కొంగలు పడి పిల్లచేపలను తినేస్తున్నాయి. చప్పుడు తక్కువ కదా, 410తో నాలుగు కొడితే? - ఆకివీడు

జ: వద్దు. చప్పుడు తక్కువైనా నేరం నేరమే. మీ పక్కనున్న కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేల. అభయారణ్యం హద్దులో వేటాడితే మూడేళ్లకు తగ్గని జైలు. పైగా రాలిన సీసం చెరువు అడుగుకు చేరుతుంది. దాన్ని గులకరాళ్లనుకుని మింగిన బాతులు సీసం విషంతో చస్తాయి. పిల్లచేపల చెరువుకు వల కప్పండి. పెద్ద చెరువులకు బాగా కనబడే లావుపాటి దారాలు బారెడు ఎడంతో, వదులు లేకుండా బిగించి కట్టండి. వదులుగా ఉంటే పిట్టలు చిక్కుకుంటాయి.

ప్ర: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, క్లే షూటింగ్ (గాల్లోకి విసిరే పళ్లేలను కొట్టే ఆట) నేర్పిద్దామనుకుంటున్నాం. చిన్నపిల్ల కాబట్టి 410తో మొదలుపెట్టొచ్చా? - నరసాపురం

జ: పొరపాటు ఎంపిక. 410 చెయ్యి తిరిగినవాళ్ల తుపాకీ. క్లే వ్యాసం 110 మి.మీ.నే, 175 పెల్లెట్లతో దాన్ని కొట్టడం కష్టం. పిల్ల పదేపదే తప్పి విసుగెత్తి మానేస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో తూటాకు 24 గ్రాములే పరిమితి గనుక, ఆ తూటాతో బరువైన 12 బోర్ తేలికపాటి 20 కంటే మెత్తగా తంతుంది. మన దగ్గర 12 తూటాలు దొరికినంత తేలిగ్గా 20వి దొరకవు కూడా. బట్టు పొడవు ఆమెకు సరిపోయేలా తగ్గించడం బోర్ కంటే ముఖ్యం. 21 ఏళ్లు నిండితేగానీ లైసెన్సు రాదు కాబట్టి అప్పటిదాకా రైఫిల్ క్లబ్ శిక్షణలో, కోచ్ పక్కన ఉండగానే తుపాకీ ముట్టుకోవాలి.

ప్ర: అమెరికాలో మా బావగారు 20తో బాతులు కొడతారట. సీసం వాడకూడదంటారు, నిజమేనా? - భీమవరం

జ: నిజమే. అక్కడ 1991 నుంచి నీటిబాతుల మీద సీసం పూర్తిగా నిషేధం. స్టీలు సీసం కంటే చాలా తేలిక, అందుకని రెండు సైజులు పెద్దది వాడాలి: సీసం 6 వాడేచోట స్టీలు 4 (నంబరు తగ్గేకొద్దీ పెల్లెట్ పెద్దది). పెద్ద పెల్లెట్లు 20 తూటాలో కొన్నే పడతాయి గనుక 30 గజాల్లోపే ఆగమనండి. స్టీలుకు చోక్ ఒక మెట్టు వదులుగా ఉండాలి, మాడిఫైడ్ దాదాపు ఫుల్‌లా పనిచేస్తుంది. పాత తుపాకీలో స్టీలు వేస్తే గొట్టం మూతి ఉబ్బొచ్చు. దానికి బిస్మత్ అనే లోహపు తూటాలు తీసుకోవాలి. ధర ఎక్కువే గానీ బిస్మత్ స్టీలు కంటే బరువు, మెత్తన కూడా. 28 బోర్‌తో బాతులు కొట్టాలనుకునేవాళ్లకూ అదే దారి.