నానమ్మ చెవికమ్మ

అమ్మలూ,

ప్లాటినం ద్రావణం పూసిన కాగితం మీద నెగెటివ్ పరిచి ఫోటోలు అచ్చువేసే ప్లాటినం ప్రింటింగ్ మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంబరం, సగం బెంగ.

పసుపు బల్బు వెలుగులో పూత పూయాలి, ట్యూబులైటు వెయ్యకూడదు, గ్లౌజులు తొడుక్కోవాలి. ఇవి నీకు తెలిసినవే. ప్లాటినం ఉప్పు పొడి మాత్రం కొని తూయకు, కలిపిన ద్రావణమే తెప్పించుకో. ఆ దుమ్ము పీలిస్తే ఉబ్బసం పట్టుకోవచ్చు. చిన్నప్పుడు నీకు పిల్లికూతలు వస్తే రాత్రంతా ఎత్తుకు తిరిగింది నేనే. ప్లాటినంతో కలిపి పూసే, వెలుగు తగిలితే మారే ఫెర్రిక్ ఆక్సలేట్ పాతబడితే ఫోటోలో తెలుపులు మసకబారతాయి. ఒక చుక్కని పొటాషియం ఫెర్రిసైనైడ్ నీళ్ళలో వేసి చూడు. ముదురు నీలం తిరిగితే పారబొయ్యి.

ఇక నా వెధవపని విను. వైజాగ్‌లో ఆగస్టు. మేలో చక్కగా వచ్చిన ప్రింటే, ద్రావణాలు అన్నే చుక్కలు, వెలుగు అదే టైము, ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. ద్రావణం మార్చాను, కాగితం మార్చాను, ఎక్స్‌పోజరు, అంటే వెలుగు చూపించే టైము, మార్చాను. మూడూ ఒకేసారి! దేనివల్ల ఏమైందో ఇంకేం తెలుస్తుంది? గోడలు చెమ్మగిల్లుతున్నా గాలిలో తేమ సంగతి తట్టలేదు. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాను. పైన వేలు పెడితే పొడిగానే ఉంది, లోపల తడి. దాని మీద నానమ్మ 8x10 నెగెటివ్ పరిచి ఫ్రేము బిగించాను. లైటు వేడికి అంటుకుపోయింది. మెల్లగానే లాగానమ్మా. ఎడమ చెవికమ్మ దగ్గర జిలాటిన్ పొర ఊడి కాగితానికే ఉండిపోయింది. మీ నాన్నకి ఈరోజుకీ చెప్పలేదు.

అందుకే కెమెరా సామాను కంటే ముందు తేమ మీటరు కొను. గది 50-55 శాతం దగ్గర నిలబడ్డాకే పూత పూయి. హైదరాబాద్ ఎండాకాలంలో గొడవ దీనికి తలకిందులుగా ఉంటుంది: కాగితం మరీ ఎండి నలుపు పలచబడుతుంది, అప్పుడు గాలిలో తేమ పెంచే హ్యూమిడిఫయర్ పెట్టుకో. నెగెటివ్‌కీ కాగితానికీ మధ్య పల్చటి పాలియెస్టర్ షీటు వెయ్యి, నా మీద ఒట్టు. ప్రతి ప్రింటు వెనకా చుక్కలు, తేమ, టైము పెన్సిల్‌తో రాయి. మార్చితే ఒక్కటే మార్చు.

ముందు నెగెటివ్ బదులు 21 మెట్ల స్టెప్ టాబ్లెట్ (తెల్లటి నుంచి నల్లటి దాకా మెట్లుమెట్లుగా ముదిరే ఫిల్ము పట్టీ) పెట్టి చెయ్యి. వేరువేరు రోజుల్లో తీసిన ఐదు స్ట్రిప్పులు ఒకేలా వస్తే ఫోన్ చెయ్యి. నానమ్మ నెగెటివ్ నీకే. కొరియర్‌ని నమ్మను, ఒళ్ళో పెట్టుకుని రైల్లో నేనే తెస్తాను.

మీ పెదనాన్న