నీటి లోతు చూసి పక్షిని వెతకండి

ప్రశ్న: చిత్తడి నేలల పక్షి రక్షిత ప్రాంతానికి తెల్లవారగానే వెళ్లాం. పక్షులు బాగానే ఉన్నాయి కానీ అన్నీ నల్లటి ఆకారాల్లా కనిపించాయి. బైనాక్యులర్స్ లోపమా?

జవాబు: కాదు, నిలబడ్డ చోటు లోపం. ఉదయం తూర్పుకు తిరిగి చూస్తే ఎండతో పాటు నీటి మీది తళుకూ కళ్లలో కొడుతుంది. సూర్యుడు వీపు వెనక ఉండాలి. అంటే ఉదయం తూర్పు గట్టు, సాయంత్రం పడమటి గట్టు. దారి పడమటి గట్టుకే ఉంటే సాయంత్రమే వెళ్లండి, ఉదయమే చూడాలన్న పట్టుదల వద్దు. సముద్రతీరపు బురద నేలలకు మాత్రం ఆటుపోట్ల పట్టికే ముహూర్తం. పోటు నిండడానికి రెండు గంటల ముందు చేరితే, నీరు ఎక్కేకొద్దీ ఉల్లంకులు (బురదలో ముక్కుతో గుచ్చి మేసే ఒడ్డు పక్షులు) మీవైపే జరుగుతాయి.

ప్రశ్న: 8x42 కొనాలా, 10x42 కొనాలా? అరువు తెచ్చుకున్న దానిలో ఒక కంటికి ఎప్పుడూ మసగ్గానే ఉంది.

జవాబు: మొదటిసారి కొనేవారికి 8x42. ముందున్న అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో చెబుతుంది, 42 అంటే ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. పది రెట్లు పెంచితే చేతి వణుకూ అంతే పెరుగుతుంది, ఒకేసారి కనబడే వెడల్పూ తగ్గుతుంది. ఎగిరే బాతును పట్టుకోవడం అప్పుడు కష్టం.

మసకకు కారణం చాలావరకు సర్దుబాటు చేయకపోవడమే. కుడి కటకాన్ని మూసి, ఎడమ కంటితో దూరపు కొమ్మను చూస్తూ మధ్య చక్రం తిప్పండి. తర్వాత ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టకుండా, కుడి కంటి దగ్గరి రింగు తిప్పుతూ అదే కొమ్మను స్పష్టం చేసుకోండి. కొన్నిటిలో ఈ రింగు వేరే చోట ఉంటుంది. కళ్లద్దాలు ఉంటే రబ్బరు కప్పులు పూర్తిగా దించాలి.

మధ్యాహ్నం దూరంగా ఉన్నవి అలల్లా కదిలితే అది వేడిగాలి పని. దానికి స్కోపు (స్టాండు మీద పెట్టి చూసే ఒంటి గొట్టపు దుర్భిణి) జూమ్ ఎంత పెంచినా లాభం లేదు.

ప్రశ్న: ఒకే చెరువులో ఒకచోట వందల పక్షులు, పక్కనే ఖాళీ. ఎందుకు?

జవాబు: లోతు వల్ల. పొట్టికాళ్ల ఉల్లంకులకు తడి బురద లేదా కొద్ది సెంటీమీటర్ల నీరు కావాలి. తల ముంచి, తోక పైకెత్తి మేసే బాతులకు అడుగు అందాలి, ముప్పై సెంటీమీటర్లు దాటితే వాటికి ఇబ్బందే. నీటికాకుల వంటి మునిగే పక్షులకు లోతు నీరు సరిపోతుంది. కాబట్టి ముందు బురద అంచు, తర్వాత రెల్లు మొదళ్లు, చివరగా నడిమి నీరు వెతకండి. వాన పడి నీటిమట్టం పెరిగితే నిన్నటి చోటు ఈరోజు ఖాళీ.

గుర్తించడానికి రంగు కన్నా తీరు నమ్మదగింది. నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, చటుక్కున పొడిస్తే ప్లవర్ (పొట్టి ముక్కు ఒడ్డు పక్షి). నడుస్తూనే ముక్కుతో బురదను గుచ్చుతుంటే ఉల్లంకి. సంతానోత్పత్తి ముగిశాక చాలా జాతుల మగ బాతులు రంగు ఈకలు రాల్చి ఆడవాటిలా తయారవుతాయి, అప్పుడు రెక్క మీది మెరుపు పట్టీ చూడాలి.

ప్రశ్న: ఎంత దగ్గరికి వెళ్లవచ్చు?

జవాబు: మీటర్ల లెక్క చెప్పలేం, పక్షే చెబుతుంది. మేత ఆపి మెడ నిక్కించిందంటే హద్దు దాటారు. వెనక్కి జరగండి. గట్టు మీద నిటారుగా నిలబడితే ఆకాశం మీద మీ ఆకారం స్పష్టంగా కనబడుతుంది, అందుకే వంగి గానీ పొదల చాటున గానీ ఉండండి. మాటు గదిలో కిటికీ బయటికి చెయ్యి, లెన్సు చాచకండి. గూళ్ల దగ్గర ఆగనే వద్దు: తల్లి లేచిపోతే ఎండకు గుడ్లు వేడెక్కి పాడవుతాయి, కాకులకూ దారి దొరుకుతుంది.