రబ్బరు కప్లింగ్ కొనేముందు పడవను నీళ్లలో ఉంచి కొలవండి

పడవకు ఇంజన్ మార్చినప్పటి నుంచి ఇంజన్‌నూ, పంకాను తిప్పే షాఫ్ట్ అనే కడ్డీనీ కలిపే కప్లింగ్ బోల్టులు తెగుతున్నాయి, రబ్బరు కప్లింగ్ వేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. రబ్బరు కొంత అదురు ఆపుతుంది, అంతే. ఇంజన్ వంకరగా కూర్చుంటే ఆ రబ్బరే నలిగి చీలిపోతుంది.

నాగార్జున సాగర్ బ్యాక్‌వాటర్‌లో, వైజాగ్ కాలనీ దగ్గర నాకొక చెక్క పడవ ఉంది. ఒక వేసవిలో నీళ్లు బాగా దిగితే దాన్ని గట్టుకు లాగి ఇంజన్ మార్పించాను. మెకానిక్ అక్కడే స్కేలు ఆనించి చూసి, రెండు ఫ్లాంజీలు, అంటే ఇంజన్ కొసనా షాఫ్ట్ కొసనా ఉండే గుండ్రటి బిళ్లలు, కలిశాయని బోల్టులు బిగించేశాడు. నీళ్లలో దించిన మూడో రోజు ఏలేశ్వరం గట్టు దిక్కు పోతుంటే కింద గడగడమని చప్పుడు, వెంటనే టప్‌మని దెబ్బ. ఇంజన్ తిరుగుతూనే ఉంది, పడవ కదలదు. బోల్టులన్నీ తెగి షాఫ్ట్ వెనక్కి జారింది. పంకా చుక్కానికి తగిలి ఆగింది కాబట్టి బతికాం. పూర్తిగా జారిపోతే షాఫ్ట్ ఉండే రంధ్రం గుండా నీళ్లు లోపలికి వచ్చేవి. ఎదురుగాలిలో ముగ్గురం తెడ్లేసుకుంటూ చీకటి పడ్డాక ఒడ్డు చేరాం. మా తమ్ముడి అరచేతులు బొబ్బలెక్కాయి.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే బోల్టులు నాసిరకం అన్నాడు. మన దిక్కు మెకానిక్‌లకు పంపుసెట్ల అలవాటు. పంపుసెట్ కూర్చునే సిమెంటు గద్దె వంగదు, పడవ నీళ్లలో దిగాక వంగుతుంది. అంత కూలీ తీసుకునే మనిషి దగ్గర సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్ కూడా లేకపోతే ఎట్లా?

కాలనీలో ఒక ముసలి తాత మాత్రం ఒకటే అడిగాడు: "దించినాక చూసినావా బాబూ?"

ఆయన చెప్పినట్టే పడవను ఒక రోజంతా నీళ్లలో ఉంచాం. డీజిల్, వలలు, ఐసు పెట్టె ఎప్పటిలాగే ఎక్కించాం. కప్లింగ్ విప్పగానే షాఫ్ట్ కొస తన బరువుకు వాలుతుంది. కింద చెక్క పెట్టి దాన్ని సరైన ఎత్తులో నిలబెట్టకపోతే ఏ కొలతా నమ్మొద్దు. రెండు ఫ్లాంజీల మధ్య గేజ్ పెడితే సందు పైన 0.05, కింద 0.60 మిల్లీమీటర్లు! మా ఫ్లాంజీ 4 అంగుళాలది. ఫ్లాంజీ వెడల్పులో ప్రతి అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు లెక్కన, పై సందుకూ కింది సందుకూ తేడా 0.10 మిల్లీమీటర్లు దాటకూడదు.

షాఫ్ట్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతూ మళ్లీ మళ్లీ కొలిచాం. పెద్ద సందు షాఫ్ట్‌తో పాటే తిరిగితే షాఫ్ట్ వంగినట్టు, లేదా ఫ్లాంజీ ముఖం చెడినట్టు. దాన్ని లేత్‌కు పంపాల్సిందే. మాది ఎటు తిప్పినా కిందే ఉంది, అంటే ఇంజన్ ముందు భాగం ఎత్తుగా కూర్చుంది. ముందు కాళ్ల కింద నుంచి మూడు మిల్లీమీటర్ల రేకులు తీసి, పక్కల సందు కూడా చూసి బిగించేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత ఒక్క బోల్టూ తెగలేదు.

మీరు ఇవాళే ఒక పని చేయండి. మీ షాఫ్ట్ జారితే చుక్కాని ఆపుతుందో లేదో చూడండి. ఆపదనిపిస్తే కప్లింగ్‌కూ నీళ్లు లోపలికి రాకుండా షాఫ్ట్ చుట్టూ బిగించే గ్లాండ్‌కూ మధ్య షాఫ్ట్ మీద గట్టి క్లాంప్ బిగించి, ఆ తర్వాతే పడవ తీయండి.