గాలికుంటు సోకాక టానిక్ పట్టిస్తే వైరస్ ఎందుకు ఆగదు?

‘గాలికుంటు వచ్చిన ఆవుకు రోగనిరోధక శక్తి పెంచే టానిక్ పట్టిస్తే వైరస్ ఆగదా?’ అని అడిగారు.

ఆగదు. పలమనేరు దగ్గర పాడి రైతుల మధ్య పెరిగి, తిరుపతిలో పశువైద్యం చదివాను. నోట చొంగ కారుతూ, గిట్టల మధ్య పుండ్లతో లేవలేని ఆవుకు అప్పు చేసి మరీ టానిక్ సీసాలు తాగించే రైతులను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అక్కడ లోపించింది శక్తి కాదు.

వైరస్ చొరబడిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ విడుదల చేసి పక్క కణాలను అప్రమత్తం చేస్తుంది. యాంటీబాడీలకు రోజులు పడుతుంది, దీనికి గంటలు చాలు. గాలికుంటు వైరస్ దెబ్బతీసేది ఈ హెచ్చరికనే. దాని లీడర్ ప్రోటియేజ్ అనే ఎంజైమ్, కణం ప్రోటీన్ల తయారీకి ఆధారమైన ఇఐఎఫ్4జి అనే ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. ఇంటర్‌ఫెరాన్ తయారీకి ఆదేశం వెలువడినా అమలు చేసే యంత్రాంగం ఉండదు. ఊళ్లో దొంగలు పడగానే ముందు తలారి గొంతు నొక్కినట్టు! వైరస్‌కు మాత్రం ఆటంకం లేదు, ప్రోటీన్లు తయారుచేసే కణ యంత్రమైన రైబోజోమ్‌ను నేరుగా పట్టుకునే ఏర్పాటు దాని ఆర్ఎన్ఏలోనే ఉంది. పైగా అదే ఎంజైమ్, హెచ్చరికను ముందుకు చేరవేసే ప్రోటీన్లకు అతికి ఉండే యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ తునకలను కూడా ఊడదీస్తుంది. సుమారు 8,400 అక్షరాల ఆర్ఎన్ఏ మాత్రమే ఉన్న వైరస్‌కు ఇన్ని పనులు చేసే కత్తెర ఉండటం నాకు ఇప్పటికీ విస్మయమే.

1990లలో అమెరికాలోని ప్లమ్ ఐలండ్ పశువ్యాధుల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ ఎంజైమ్ తొలగించిన వైరస్‌ను పశువులకు సోకించి చూశారు. అది బాగా బలహీనపడింది, పక్క పశువులకు వ్యాపించలేదు.

టీకా పనిచేసే తీరు వేరు. దానివల్ల పుట్టిన యాంటీబాడీలు రక్తంలో, కణాల బయట తిరుగుతూ వైరస్ లోపలికి దూరకముందే పట్టుకుంటాయి. అక్కడ ఈ కత్తెరకు పని లేదు. మన దేశంలో ఇచ్చే టీకాలో ఓ, ఎ, ఏషియా-1 అనే మూడు వైరస్ రకాలు ఉంటాయి. 2019లో మొదలైన జాతీయ పథకం కింద ఉచితంగానే వేస్తారు. 4 నెలలు నిండిన దూడ నుంచి ప్రతి పశువుకూ 6 నెలలకోసారి వేయించండి.

ఇప్పటికే సోకిన ఆవుకు మెత్తని మేత పెట్టండి, పుండ్లను పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడగండి. చీము పడితే యాంటీబయాటిక్ అవసరమో కాదో పశువైద్యుడు చెబుతారు. దూడను మాత్రం వెంటనే తల్లి నుంచి విడదీయండి. బొబ్బలు కనిపించకముందే వైరస్ పాలలోకి వస్తుంది, లేత దూడల్లో అది నేరుగా గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది.