కాన్సర్టులో టీషర్టు వదిలేయండి, పుస్తకం కొనండి

అడిగింది ఇదీ: "లైవ్ కాన్సర్టుల్లో అమ్మే సావనీర్ పుస్తకాలు, టీషర్టులు కొనడం డబ్బు దండగేనా? దాచిపెట్టి తర్వాత అమ్ముకుంటే ఏమైనా గిట్టుబాటవుతుందా?"

రెండో దానికి ముందు చెప్పేస్తాను. గిట్టదు. మొదటిదే ఒక్క మాటలో తేలేది కాదు, ఎందుకంటే నేను అవి అమ్మే టేబుల్‌కి రెండు వైపులా నిలబడ్డవాణ్ణి. ఏళ్ల తరబడి కొంటున్నాను, మధ్యలో తెలిసినవాళ్ల బ్యాండ్ టూర్‌కి వెళితే కొన్నాళ్లు వాళ్ల సరుకు అమ్మి పెట్టాను. అప్పటి నుంచి నాది ఒకటే మాట: టీషర్టు వదిలేయండి, పుస్తకం కొనండి. అది కూడా షో మొదలవకముందే కొనేయండి.

టీషర్టు మీద నాకు పగేం లేదు గానీ, దాన్ని అమ్మడమంత నరకం ఇంకోటి లేదు. లోపల స్పీకర్లు చెవులు బద్దలుకొడుతుంటాయి, అవతలి మనిషి పెదవులు కదుపుతూ "ఎల్" అంటాడు, మనకి "ఎక్స్‌ఎల్" అని వినిపిస్తుంది. మడత విప్పి చూపిస్తే భుజాలకి ఆనించుకుని చూసుకుని, పక్కనున్న స్నేహితుడి వీపు మీద పరిచి కొలిచి, ఆఖరికి "వేరే రంగు లేదా" అంటాడు. లేదు బాబూ, నలుపే. ఎప్పుడూ నలుపే. మధ్య సైజులు తెర లేవకముందే అయిపోతాయి. చివరి పాట అయ్యాక పరుగెత్తుకొచ్చేవాళ్లకి మిగిలేవి రెండే రకాలు, చిన్నపిల్లలకి పట్టేవీ, ఇద్దరు కలిసి దూరగలిగేవీ. వాటినే కొనుక్కుని "పడుకునేటప్పుడు వేసుకుంటాలే" అని తమకి తామే సర్దిచెప్పుకుంటారు. నా బీరువాలోనూ అలాంటివి మూడున్నాయి లెండి.

పుస్తకంతో ఆ గొడవ లేదు. దాన్నీ తిట్టేవాళ్లున్నారు. అన్నీ ఫొటోలే, చదవడానికేముంది అంటారు. మధ్యలో పిన్ను కొట్టిన పుస్తకం కాబట్టి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి, 24, 28, 32 అలా. ఇరవై అయిదు పేజీల సరుకుంటే మిగతా మూడు పేజీలూ ఏదోటి పెట్టి నింపాల్సిందే, అందుకే గిటారు తీగల ఫొటో రెండు పేజీలకి సాగదీస్తారు. ఆ రాత్రి పాడిన పాటల వరుస లేదని ఇంకో ఫిర్యాదు. టూర్ మొదలవకముందే అచ్చయ్యే పుస్తకంలో ఆ రాత్రి ఏం పాడతారో ఎలా ఉంటుంది? చివరి పేజీ చూడండి. సౌండ్ ఎవరు, లైట్లు ఎవరు, లారీ ఎవరు నడుపుతున్నారు, వంటెవరు చేస్తున్నారు, చిన్న అక్షరాల్లో వరసగా ఉంటుంది. వాళ్ల పేర్లు ఇంకెక్కడా కనిపించవు. ఇప్పుడు చాలాచోట్ల పుస్తకమే మానేసి గోడకి క్యూఆర్ కోడ్ అంటిస్తున్నారు. ఆ లింకు ఏడాది తర్వాత తెరిచి చూడండి, నేను చెప్పక్కర్లేదు.

ఇక నా టూర్ సంగతి. పుస్తకాలు అచ్చయి అట్టపెట్టెల్లోకి ఎక్కేశాక, మొదటి షోకి పది రోజుల ముందు డ్రమ్మర్ తప్పుకున్నాడు. హడావిడిగా కొత్త కుర్రాణ్ణి తెచ్చారు. పుస్తకంలో సరిగ్గా మధ్యన, రెండు పేజీలకీ పరుచుకుని పాత డ్రమ్మర్ ఫొటో, పిన్నులు రెండూ అతని గుండెల్లోంచే దిగాయి. మళ్లీ అచ్చేయించే డబ్బూ లేదు, టైమూ లేదు. అందుకని అరచేయంత చీటీలు కొట్టించారు. "ఈ టూర్‌లో డ్రమ్స్ వాయిస్తున్నది" అని ఒక లైను, కింద కొత్త కుర్రాడి పేరు, అంతే. ఫొటో కూడా లేదు.

మొదటి షో మధ్యాహ్నం నేనూ, లైట్లు చూసే అబ్బాయీ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని 400 పుస్తకాల్లో 400 చీటీలు పెట్టాం. కాగితమేమో నున్నటిది. ఎవరు పుస్తకం తెరిచినా చీటీ సర్రున జారి కింద పడేది, ఎవరూ వంగి తీసుకునేవాళ్లు కాదు. పైగా వాళ్లిచ్చిన టేబుల్‌కి ఒక కాలు పొట్టి, చిల్లర డబ్బా జారిపోతుంటే ఓ నాలుగు చీటీలు మడిచి ఆ కాలికింద నేనే దోపాను. ఇంటర్వెల్ అయ్యేసరికి నా చుట్టూ నేలంతా ఆ కుర్రాడి పేరే, సగం వాటి మీద బూటు ముద్రలు.

షో అయింది, జనం పలచబడ్డారు, నేను పెట్టెలు సర్దుకుంటున్నాను. మెడలో తువ్వాలుతో కొత్త డ్రమ్మరే వచ్చాడు. "అన్నా, ఆరు పుస్తకాలు కావాలి" అన్నాడు. పైనున్నవి ఆరు తీసి ఇచ్చాను, జనం తిరగేసి వదిలేసినవి అవి. ఒక్కొక్కటీ మధ్యకి తెరిచి చూసుకున్నాడు. నాలుగింట్లో చీటీ లేదు. ఏమీ అనలేదు. వంగి, టేబుల్ కింద పడున్నవాటిలో మరకల్లేనివి నాలుగు ఏరుకుని, ప్యాంటుకి తుడిచి, లోపల పెట్టుకున్నాడు. టేబుల్ కాలికింద ఉన్నవి కూడా చూశాడు, నాకు తెలుసు, వాటిని ముట్టుకోలేదు. "ఇంటికి పంపాలి" అన్నాడు. జేబులో చెయ్యి పెట్టబోతే నేనే వద్దన్నాను. ఆ పరిస్థితిలో అతని దగ్గర డబ్బు ఎలా తీసుకుంటారండీ?

తీసుకోవాల్సిందని పావుగంటకే తెలిసింది. హాలు తాలూకు మనిషి రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. బయటివాళ్లకి తెలియని తంతు ఇది. షోకి ముందు వాళ్లే వచ్చి పుస్తకాలెన్ని, టీషర్టులు ఏ సైజువి ఎన్ని అని లెక్కపెట్టి రాసుకుంటారు. అయ్యాక మిగిలినవి మళ్లీ లెక్కపెడతారు. తేడా ఎంతో అంతా అమ్ముడైనట్టే, అందులో హాలుకి వాటా. డబ్బా తెరిచి చూడరు. ఎవరికైనా ఉచితంగా ఇస్తే అప్పటికప్పుడు కాగితం మీద రాసి సంతకం పెట్టించాలి. నేను రాయలేదు. "వాయించినవాడికే ఇచ్చానయ్యా" అంటే "లెక్కలో లేదండి" అన్నాడు. అంటే వాళ్ల వేదిక మీద రెండు గంటలు వాయించిన మనిషికి అతని పేరున్న పుస్తకం ఇచ్చినందుకు హాలుకి కమిషన్. బ్యాండ్ లెక్కలో ఎందుకని అది నేనే కట్టాను, ఆరు పుస్తకాల ఖరీదూ నేనే వేశాను. టేబుల్ కాలు సంగతి ఎత్తితే అది తన డిపార్ట్‌మెంట్ కాదన్నాడు.

ఈ కమిషన్ తక్కువేం కాదు. మామూలుగా అమ్మకాల్లో 20 నుంచి 30 శాతం దాకా పోతుంది. లాభంలో కాదు, అమ్మకంలో! అచ్చు ఖర్చు, బట్ట ఖర్చు, రవాణా, అమ్మిపెట్టినవాడి కూలి అన్నీ మిగిలినదాంట్లోంచే రావాలి. సీడీలు, రికార్డుల మీద కాస్త తక్కువ పట్టుకునే చోట్లున్నాయి. బార్ అమ్మకాల్లో ఏ హాలైనా బ్యాండ్‌కి వాటా ఇచ్చిందని నేనైతే వినలేదు. దీని మీద గోల కొత్తది కాదు. బ్రిటన్‌లో ఫీచర్డ్ ఆర్టిస్ట్స్ కోయలిషన్ అనే కళాకారుల సంఘం 2022లో, కమిషన్ తీసుకోని వేదికల జాబితా ఒకటి మొదలుపెట్టింది. కాన్సర్టులు నడిపే పెద్ద కంపెనీ లైవ్ నేషన్ 2023 సెప్టెంబరులో తన క్లబ్బుల్లో, అంటే చిన్న హాళ్లలో, 75కి పైగా చోట్ల ఈ కోత ఉండదని ప్రకటించింది. మంచిదే, కానీ అవి క్లబ్బులు. సరుకు గుట్టలుగా అమ్ముడయ్యే పెద్ద పెద్ద అరీనాల మాట అందులో లేదు. అందుకే టేబుల్ దగ్గర ధర చూసి "దోచుకుంటున్నారు" అని అమ్మేవాణ్ణి తిట్టేముందు హాలు వాటా ఎంత అని ఒకసారి అడిగి చూడండి. అడిగితే చెప్తారు, మేం ఎప్పుడెప్పుడు అడుగుతారా అనే ఎదురుచూస్తుంటాం.

గేటు బయట సగం ధరకి అమ్మేవాళ్ల గురించి కూడా అడుగుతారని తెలుసు. అమెరికాలో పెద్ద బ్యాండ్లు ఊళ్లోకి రాకముందే, అమ్మేవాడి పేరు కూడా తెలియకుండానే, దొంగ సరుకు పట్టుకోవడానికి కోర్టు ఉత్తర్వులు తెచ్చుకుంటాయి. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అక్కడి రాక్ బ్యాండ్ షోల పార్కింగ్ స్థలాల్లో మాత్రం అభిమానులే చేత్తో రంగులద్దిన చొక్కాలు పరిచి సంత నడిపేవాళ్లు. ఆ సంతంటే నాకిష్టం. కంప్యూటర్లో ఫొటో లాగి అచ్చుగుద్ది, ఊరి పేర్లలో మూడు తప్పులతో అమ్మేవాడు వేరు.

దాచుకుని అమ్ముకోవడం గురించి: పుస్తకాన్ని చుట్ట చుట్టి జేబులో దోపితే ఆ రోజుతో దాని పని సరి, వెళ్లేటప్పుడే గట్టి అట్ట ఫైలు పట్టుకెళ్లండి. మీరే పాతవి కొనేటప్పుడు మాత్రం భూతద్దం తప్పనిసరి. అసలు పాత ఆఫ్‌సెట్ అచ్చులో ఫొటోలే చుక్కలుగా కనిపిస్తాయి, నల్ల అక్షరాలు నిండుగా ఉంటాయి. పుస్తకాన్ని స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే చాలాసార్లు అక్షరాల్లోనూ చుక్కలు పడతాయి. పిన్నులు కొత్తగా మెరుస్తూ కాగితం ఒక్కటే పసుపెక్కి ఉన్నా అనుమానించండి.

ఆ టూర్ పుస్తకం నాదొకటి ఉండేది, ఇల్లు మారేటప్పుడు తడిసి పేజీలన్నీ అతుక్కుపోయాయి. మొన్నామధ్య ఒకతను అదే పుస్తకం అమ్మకానికి పెట్టాడు, కొత్తదానిలా ఉందని రాశాడు, ధర కూడా పెద్దగా ఏం లేదు. మధ్య పేజీ ఫొటో పంపమన్నాను. పంపాడు. పాత డ్రమ్మర్, గుండెల్లో రెండు పిన్నులు. చీటీ ఏదని అడిగితే "ఏం చీటీ?" అన్నాడు. నేను కొనలేదు.