‘రెడ్’కి మనలో చుట్టం ఎఱ్ఱ కాదు, లోహం

ప్రశ్న: గ్రీకులో ఎరుపుని ‘ఎరుత్రోస్’ అంటారట. మన ‘ఎఱ్ఱ’, ఇంగ్లీషు ‘రెడ్’, ఈ గ్రీకు మాట ఒకే మూలం నుంచి వచ్చాయా? ‘రెడ్’ పూర్వరూపాన్ని ‘*రౌదజ్’ అని చుక్క గుర్తుతో ఎందుకు రాస్తారు?
– ఒక పాఠకుడు, సారవకోట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: గ్రీకు మాటా, రెడ్డూ చుట్టాలే. ఎఱ్ఱ మాత్రం కాదండి. గ్రీకు మాట మొదట్లోని ‘ఎ’ ధాతువులోని అచ్చు కాదు. ‘ర’కి ముందు ఒకప్పుడున్న కంఠధ్వని పోతూ పోతూ మిగిల్చిన ఆనవాలు. ఇంగ్లీషులో, సంస్కృతంలో అది జాడ లేకుండా పోయింది. ఎఱ్ఱలో ‘ఎ’ మొదటినుంచీ ధాతువులోదే.

చుక్క గుర్తు ఉంటే అది రాతలో దొరకని రూపమని అర్థం. గిడుగు రామమూర్తి గారు సవర మాటల్ని సవరల నోటే విని రాసుకున్నారు. ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల తల్లి అయిన ఆది జర్మానిక్‌కి అలాంటి వారెవరూ లేరు గనక దాని పిల్ల భాషల నుంచి వెనక్కి నడవాలి. పాత నార్స్ (స్కాండినేవియా వాళ్ల పాత భాష) ‘రౌధ్ర్’, పాత ఇంగ్లీషు ‘రేఆద్’, జర్మన్ ‘రోట్’. నార్స్‌లో ‘ఔ’ ఉన్నచోట పాత ఇంగ్లీషులో ‘ఏఆ’ రావడం మామూలే. ఇంగ్లీషు ‘డ’ ఉన్నచోట జర్మన్‌లో ‘ట’ రావడమూ అంతే: డే, టాగ్. చివరి ‘అజ్’ ఊహ కాదు. 1734లో డెన్మార్క్‌లోని గాలెహుస్‌లో దొరికిన బంగారు కొమ్ము మీద రూన్ లిపిలో (జర్మానిక్ జాతుల పాత లిపి) ‘హోల్తియజ్’ అని ఉండేది. ఫిన్నిష్ భాష అరువు తెచ్చుకున్న ‘కునింగాస్’ (రాజు) చివర కూడా ఆ తోకే మిగిలింది.

ఇంకా వెనక, జర్మానిక్‌కీ గ్రీకుకీ సంస్కృతానికీ ఉమ్మడి తల్లి భాషలో రూపం (మొదటి కంఠధ్వనిని వదిలేస్తే) ‘*రొఉధొస్’. జర్మానిక్‌లో ‘ఒ’ కాస్తా ‘అ’ అయింది, ‘ధ’ కాస్తా ‘ద’ అయింది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఇంగ్లీషు ‘డ’ కనబడగానే సంస్కృతంలో ‘ద’ వెతుకుతారు. కానీ సంస్కృత ‘ద’కి ఇంగ్లీషులో వచ్చేది ‘ట’: దశ–టెన్, ద్వి–టూ. ‘ధ’కి వచ్చేదే ‘డ’: విధవ–విడో, మధు–మీడ్ (తేనెతో చేసే మద్యం). ఒక్క మాట పోలిక ఎప్పుడూ చాలదు, అదే మార్పు నాలుగైదు మాటల్లో కనబడాలి. ఆ లెక్కన రెడ్‌కి రుధిరం బంధువు.

అయితే రుధిరంలో ధాతువు అచ్చు ‘ఉ’, ప్రత్యయమూ వేరు. ‘*రౌదజ్’తో అచ్చూ ప్రత్యయమూ రెండూ కలిసేది ‘లోహ’ శబ్దమే. సంస్కృతంలో ‘ర’ ‘ల’గా, ‘ధ’ ‘హ’గా మారిన మాటలున్నాయి. రోహితం, లోహితం పక్కపక్కన పెట్టి చూడండి. లోహమంటే మొదట ఎర్రనిది, ఆపైన రాగి, చివరికి ఇప్పటి అర్థంలో ఏ లోహమైనా. మీ మండలంలోని బుడితి ఇత్తడిలో కలిసే రాగే ఆ మాటకి పాత అర్థం.