ఒక కారుకు రెండు పాలసీలు: ఏది వదులుకోవాలి?

ప్రశ్న: మాది తెనాలి. నా కారు పాలసీ జూన్ 11 అర్ధరాత్రితో ముగిసింది. మూడు వేలు తక్కువకే వస్తుందని మా బావమరిది స్నేహితుడైన ఏజెంటు చెబితే 8వ తేదీనే వేరే కంపెనీలో కట్టేశాను. 10న పాత కంపెనీవాళ్లు నా కార్డు నుంచి ప్రీమియం లాగేసుకున్నారు. నిరుడు ఆటో రెన్యువల్‌కు నేనే ఒప్పుకున్నానట! వెంటనే బ్యాంకు యాప్‌లో ఆటో డెబిట్ తీసేశాను, అయినా డబ్బు వెనక్కి రాలేదు. జనవరిలో బంపర్ పగిలితే ఒక చిన్న క్లెయిమ్ తీసుకున్నాను, అంతే. పాత కంపెనీ పాలసీ రద్దు చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: చేయించుకోవచ్చు. కానీ తొందరపడకండి. మీరు తేలిగ్గా తీసేసిన ఆ బంపర్ మాట దగ్గరే నేను ఆగిపోయాను.

ఏడాదంతా క్లెయిమ్ లేకపోతే మన కారు నష్టానికి కట్టే ప్రీమియంలో నో క్లెయిమ్ బోనస్ అనే తగ్గింపు ఇస్తారు. అది 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. బోనస్‌ను కాపాడే యాడ్ ఆన్ (అదనపు కవర్) లేకపోతే ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడిపోతుంది. ఇప్పుడు ఏజెంటు ఇచ్చిన పాలసీ తీసి బోనస్ గడిలో ఏ అంకె ఉందో చూడండి. 20, 25, 35... ఏదో ఒకటి ఉందంటే మీ మూడు వేలు ఎలా తగ్గాయో తెలిసిపోయినట్టే. 'నిరుడు క్లెయిమ్ లేదు' అని మీ పేరు మీద ఎవరో టిక్కు పెట్టేశారు. ఆ మాట అబద్ధమని తేలితే మీ కారు నష్టానికి రావాల్సినదంతా పోతుందని వాహన బీమా నియమావళి అయిన మోటార్ టారిఫ్‌లోని నిబంధన. రేపు కారు డివైడర్‌కు గుద్దుకున్న రోజున ఏజెంటు ఫోన్ ఎత్తకపోవచ్చు, ఎత్తినా చేయగలిగేదేమీ లేదు. బోనస్ గడిలో సున్నాయే ఉంటే ఐడీవీ, అంటే పాలసీలో రాసిన కారు విలువ, చూడండి. దాన్ని తగ్గించి రాసినా ప్రీమియం తగ్గుతుంది.

బోనస్ తప్పుగా పడితే నా సలహా మీరు అడిగినదానికి తిరగబడుతుంది: పాతది ఉంచుకోండి, కొత్తది వదిలేయండి. మీ క్లెయిమ్ సంగతి పాత కంపెనీ రికార్డులోనే ఉంది కాబట్టి అక్కడ ఈ తిరకాసు రాదు. అంతా సవ్యంగా ఉంటే, రెండూ 12 నుంచే మొదలైతే, ఏది ఉంచుకోవాలో మీ ఇష్టం. మొదలయ్యే తేదీలు వేరైతే మాత్రం తర్వాత మొదలైనదాన్ని రద్దు చేయాలన్నది మామూలు నియమం.

రద్దుకు కారణం చెప్పనక్కర్లేదు. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ఏడాది పాలసీలో క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజుల లెక్కన డబ్బు తిరిగివ్వాలి. అంటే రోజు గడిచేకొద్దీ మీకొచ్చేది తగ్గుతుంది. థర్డ్ పార్టీ బీమా (ఇతరులకు జరిగే నష్టానికి) లేకుండా బండి రోడ్డెక్కకూడదు కనుక ఉంచుకునే పాలసీ కాపీని రద్దు కోరుతూ కంపెనీకి రాసే ఈమెయిల్‌కు జత చేయండి, అది లేకుండా వాళ్లు కదలరు. ఈలోగా చిన్న గీత పడిందని ఏ పాలసీ మీదా క్లెయిమ్ వేయకండి, వేస్తే రీఫండ్ ఆగిపోతుంది.

యాప్‌లో మీరు తీసేసింది వచ్చే ఏడాది కోతను మాత్రమే. దాంతో పాలసీ రద్దు కాదు. కార్డు నుంచి ఇలా కోసేముందు కనీసం 24 గంటల ముందు కబురు పంపాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. 8, 9 తేదీల మెసేజ్‌లు వెతకండి. రాకపోతే బ్యాంకుకు ఫిర్యాదు రాయండి. వచ్చి మీరు చూసుకోకపోతే కంపెనీని తప్పుపట్టలేం.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది దీనికి తలకిందులు కేసు. కార్డు గడువు తీరి డబ్బు కోతపడదు, పాలసీ ఉందనుకుని బండి నడుపుతుంటారు. బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా చేరకపోతే కంపెనీకి బాధ్యతే మొదలుకాదు.

నెల గడిచినా కంపెనీ తేల్చకపోతే బీమా ఫిర్యాదులు పరిష్కరించే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు, వకీలుతో పనీ లేదు.